కాలనీ కబురు: బొట్టు పెట్టి పిలిచినట్టు చెప్పాలి

మా కాలనీ హైదరాబాద్ శివారులో ఉంటుంది. 140 ఇళ్లు. నేను సంక్షేమ సంఘం కార్యదర్శి అయిన కొత్తలో సర్వసభ్య సమావేశం పెడితే పదకొండు మంది వచ్చారు. అందులో ఏడుగురం కమిటీ వాళ్లమే. జనానికి పట్టదు, అంతే అనుకున్నాను ఆ రోజు. వారం తర్వాత కూరగాయల బండి దగ్గర రెండో వీధి పెద్దావిడ ఒకామె అడిగింది: "మీటింగ్ అయిందటగా బాబూ, మాకెవరూ చెప్పలేదేం?" నేను చెప్పాననే అనుకున్నాను. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆ గ్రూపులో వాళ్ల ఇంటి తరఫున ఉన్న నంబరు బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకుది.

పెళ్లికి శుభలేఖ పంపేసి ఊరుకోం కదా. ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, "మీరు తప్పకుండా రావాలి" అని పిలుస్తాం. కాలనీ పనికీ అదే పద్ధతి కావాలని నాకు ఆ పెద్దావిడ మాటతో తెలిసింది. ఆ తర్వాత ఆరేళ్లలో మేం ఏం మార్చుకున్నామో, మీ కాలనీలో మొదటి నుంచీ ఎలా చేసుకోవచ్చో వరసగా చెబుతాను. అపార్ట్‌మెంట్ అయినా, ఇండిపెండెంట్ ఇళ్ల కాలనీ అయినా, చిన్న ఊళ్లో ఒక వీధి అయినా పద్ధతి పెద్దగా మారదు.

ముందు ఇళ్ల పుస్తకం రాయండి

ఒక పొడుగు నోటు పుస్తకం కొనండి. ఒక్కో ఇంటికి సగం పేజీ వదలండి. ఇద్దరు కలిసి, అందులో ఒకరు ఆడవాళ్లు అయ్యేలా చూసుకుని, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఇల్లిల్లూ తిరగండి. రోజుకు పదిహేను ఇళ్లకు మించి పెట్టుకోకండి. తొందరపడితే గుమ్మంలోనే పని తేల్చుకుని వచ్చేస్తారు, కూర్చుని మాట్లాడరు.

రాయాల్సింది ఇంతే: ఇంటి నంబరు, ఇంట్లో ఉంటున్న వాళ్ల పేర్లు, సొంత ఇల్లా అద్దెకా, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు, కబురు ఎలా అందితే వాళ్లకు వీలు. చివరిది చాలా ముఖ్యం. కొందరు వాట్సాప్ చూస్తారు. కొందరికి ఫోన్ చేయాలి. కొందరికి చదవడం రాదు, నోటితో చెప్పాలి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు పొద్దున ఫోన్ చేస్తే నిద్ర పాడవుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల పిల్లల నంబరు కూడా వాళ్లనడిగే రాసుకోండి.

ఫోన్ నంబర్లలో ఒకటి ఇంట్లో ఆడవాళ్లది అయి తీరాలి. మా గ్రూపులో మొదట దాదాపు అన్నీ మగవాళ్ల నంబర్లే ఉండేవి. నీళ్లు రావన్న కబురు ఆఫీసులో ఉన్నాయనకు చేరేది, ఇంట్లో ఖాళీ బిందెతో ఉన్నావిడకు చేరేది కాదు.

అద్దెకు ఉన్నవాళ్లను వదిలేయకండి. మీ సంఘం నిబంధనల ప్రకారం వాళ్లకు ఓటు ఉన్నా లేకపోయినా, చెత్త బండి, నీళ్లు, పండగ అందరివీ. వాచ్‌మ్యాన్ కుటుంబాల పేర్లు కూడా అదే పుస్తకంలో, అదే పేజీల్లో ఉండాలి.

ఈ పుస్తకం కార్యదర్శి ఇంట్లోనే ఉండాలి. ఫోటోలు తీసి ఎవరికీ పంపవద్దు. చందాకు వచ్చిన బయటి వాళ్లకో, ప్లాట్లు అమ్మేవాళ్లకో ఈ నంబర్లు చేరాయంటే మళ్లీ ఎవరూ నిజం నంబరు ఇవ్వరు.

కబురు చెప్పే దారులు

వాట్సాప్‌లో రెండు గ్రూపులు పెట్టండి. మొదటిది కబుర్ల గ్రూపు. సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే పంపేలా మార్చేయండి. రెండోది మాటల గ్రూపు. అక్కడ ఎవరైనా మాట్లాడుకోవచ్చు, శుభోదయాలు చెప్పుకోవచ్చు, పనిమనిషి కావాలని అడగొచ్చు. రెండూ ఒకటే అయితే నీళ్ల కబురు పువ్వుల బొమ్మల కింద పడిపోతుంది. మేం ఈ ఒక్క మార్పు చేశాక కబురు చూసేవాళ్లు బాగా పెరిగారు.

కబుర్ల గ్రూపులో రోజుకు ఒకటి, మహా అయితే రెండు. రాసేవాళ్లు ఒకరే ఉంటే మంచిది. కబురులో మొదటి వాక్యం చదివితే చాలు, విషయం తెలిసిపోవాలి. మేం మొదట్లో ఇలా రాసేవాళ్లం: "గౌరవనీయులైన కాలనీ వాసులందరికీ నమస్కారములు. మన కాలనీ అభివృద్ధిని దృష్టిలో ఉంచుకుని..." ఆ తర్వాత ఎనిమిది లైన్లకు గానీ తేదీ వచ్చేది కాదు. ఇప్పుడు ఇలా రాస్తాం:

"రేపు బుధవారం, ఎల్లుండి గురువారం నీళ్లు రావు. మెయిన్ పైపు రిపేరు. మళ్లీ శుక్రవారం పొద్దున వస్తాయి. ఈ మాట వాటర్ బోర్డు లైన్‌మ్యాన్ ఈ రోజు 11 గంటలకు చెప్పారు. ట్యాంకర్ కావాల్సినవాళ్లు సాయంత్రం ఐదులోపు నాకు చెప్పండి."

ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయడం అలవాటు చేసుకోండి. తర్వాత మారితే మీ మీద నమ్మకం పోదు. ఎక్కడి నుంచో ఫార్వర్డ్ అయి వచ్చింది, దొంగలు తిరుగుతున్నారనో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనో ఉన్నది, మీరు స్వయంగా పోలీస్ స్టేషన్‌లో అడగకుండా ఎప్పుడూ పెట్టకండి. అలాంటి మెసేజ్‌ల వల్ల 2018లో మన దేశంలో చాలా చోట్ల అమాయకులను జనం కొట్టి చంపారు. కాలనీ గ్రూపులో కార్యదర్శి పేరుతో వచ్చిన మాటను జనం నిజమనే నమ్ముతారు. అది మరిచిపోకూడదు.

ఒక బోర్డు కూడా ఉండాలి. మా గేటు దగ్గర కిరాణా కొట్టు గోడకు నల్లబోర్డు పెట్టాం. పాల ప్యాకెట్‌కు వచ్చే ప్రతి మనిషీ చూస్తాడు. సుద్దముక్కతో పెద్ద అక్షరాలు, ఐదు లైన్లు దాటకుండా. పాత కబురు తుడిచేయండి. నెల క్రితం మీటింగ్ తేదీ ఇంకా బోర్డు మీద ఉంటే కొత్తది కూడా ఎవరూ చదవరు. మీ కాలనీలో వేరే రాష్ట్రాల వాళ్లు ఎక్కువ ఉంటే కింద ఒక లైను హిందీలోనో ఉర్దూలోనో రాయించండి. ఆ భాష వచ్చిన పిల్లలు సంతోషంగా రాసిపెడతారు.

బోర్డు మూలలో ఎప్పుడూ తుడవని నంబర్లు కొన్ని పెయింట్‌తో రాయించండి: ఎమర్జెన్సీ 112, కరెంటు 1912, సైబర్ మోసమైతే 1930, హైదరాబాద్ వాళ్లైతే వాటర్ బోర్డు 155313.

ఇక చావు కబురు. ఇది వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో పొరపాటు చేస్తే ఆ ఇంటివాళ్లు జీవితాంతం మరిచిపోరు. ఇంట్లో ఒకరిని అడిగి, వాళ్లు సరే అన్నాకే పెట్టండి. కూతురికో కొడుక్కో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు, దారిలో ఉండి ఉండవచ్చు. గ్రూపులో చూసి తెలుసుకోవడం కంటే దారుణం లేదు. రాసేది క్లుప్తంగా: ఫలానా ఇంటి ఫలానా గారు ఈ ఉదయం కాలం చేశారు, అంత్యక్రియలు ఇన్ని గంటలకు, ఇంటి దగ్గర నుంచి బయలుదేరతారు. ఫోటో వాళ్లు ఇస్తేనే. వెంటనే ఇద్దరు వెళ్లి సంఘం కుర్చీలు వేయించండి, మంచినీళ్లు, టీ ఏర్పాటు చూడండి, వైకుంఠ రథం రావడానికి వీధిలో కార్లు తీయించండి. ఆ రోజు కాలనీలో మైకు పెట్టే కార్యక్రమం ఏదైనా ఉంటే వాయిదా వేయండి. ఇవేవీ సంఘం నిబంధనల్లో ఉండవు. కానీ సంఘం ఒకటి ఉందని జనానికి అనిపించేది ఆ రోజే.

సర్వసభ్య సమావేశం

మీ సంఘం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద నమోదై ఉంటే, ఏడాదికి ఒకసారి సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నడుస్తున్నది ఆ చట్టమే. కనీసం ఏడుగురు సభ్యులుంటే సంఘం పెట్టుకోవచ్చు. సమావేశం అయిన పదిహేను రోజుల్లోగా కమిటీ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు అందజేయాలి. చాలా సంఘాలు ఇది వదిలేస్తాయి. తర్వాత బ్యాంకులో సంతకాలు మార్చాల్సి వచ్చినప్పుడు పాత కాగితాల కోసం తిరుగుతారు. నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, ఎంతమంది వస్తే కోరం అన్నవి మీ సంఘం బైలాస్‌లోనే, అంటే సంఘం రాసుకున్న నియమావళిలోనే ఉంటాయి. ఆ కాపీ ఒకసారి కూర్చుని మొత్తం చదవండి.

తేదీ పెట్టేముందు మూడు చూడండి. పెళ్లి ముహూర్తాలు బలంగా ఉన్న ఆదివారం పనికిరాదు. పిల్లల పరీక్షల నెల పనికిరాదు. ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు పనికిరాదు. ఆదివారం పొద్దున పది నుంచి పదకొండున్నర మా దగ్గర బాగా కుదిరింది. టిఫిన్లు అయిపోతాయి, వంట ఇంకా మొదలవదు. పార్కులో చెట్టు నీడ ఉంటే హాలు అద్దె కూడా అక్కర్లేదు.

ఇప్పుడు పిలుపు. కమిటీలో ఒక్కొక్కరికి ఇరవై ఇళ్లు పంచండి. తమ వీధి తమకే ఇవ్వండి. సమావేశానికి మూడు రోజుల ముందు ఆ ఇరవై ఇళ్లకూ వెళ్లి మనిషిని చూసి చెప్పాలి. "అన్నా, ఆదివారం పదింటికి పార్కులో మీటింగ్. లెక్కలు చదువుతాం. మీ వీధి డ్రైనేజీ సంగతి కూడా ఉంది. వదినను కూడా తీసుకురండి." అంతే. ఒక నిమిషం పని. ముందు రోజు గ్రూపులో ఒకసారి గుర్తు చేయండి, ఆ రోజు పొద్దున బోర్డు మీద రాయండి. మేం ఇలా పిలిచిన మొదటిసారి డెబ్బై మందికి పైగా వచ్చారు, కుర్చీలు చాలక పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చారు. ఇంతా చేసి మార్చింది పిలుపు ఒక్కటే.

చర్చకు నాలుగు విషయాలకు మించి పెట్టకండి. మొదటిది ఎప్పుడూ లెక్కలే. కాగితం పంచి ఊరుకోవద్దు, గట్టిగా చదవండి. డబ్బు సంగతి మొదట తేలిపోతే తర్వాతి మాటలు మెత్తగా నడుస్తాయి. చివరికి పెడితే, అందరి మనసూ అక్కడే ఉండి మధ్యలో ప్రతి విషయం గొడవ అవుతుంది. పక్కింటాయన కారు నా గేటుకు అడ్డం పెడుతున్నాడు లాంటి ఇద్దరి మధ్య గొడవలు సభలో తీయవద్దు. "ఇది సాయంత్రం మీ ఇద్దరితో కూర్చుని మాట్లాడతాను" అని చెప్పి, ఆ సాయంత్రం నిజంగా వెళ్లండి.

సమావేశంలో జరిగినదంతా ఒకరు మినిట్స్ పుస్తకంలో రాయాలి. తీర్మానం అయిన వెంటనే అక్కడే చదివి వినిపించాలి, వెళ్లేలోపు సంతకాలు తీసుకోవాలి. ఇంటికి వెళ్లి తీరిగ్గా రాస్తే, "మేం అలా అనలేదే" అన్న మాట వస్తుంది.

ఏ పండగలు చేయాలి

ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం దగ్గర మొదలుపెడితే బోనాలు, ఆగస్టు 15, వినాయక చవితి, బతుకమ్మ, కార్తీక వనభోజనాలు, క్రిస్మస్, సంక్రాంతి ముగ్గుల పోటీ దాకా ఏడాది పొడుగునా ఏదో ఒకటి ఉంటుంది. అన్నీ సంఘం తలకెత్తుకుంటే మూడో నెలకే నలుగురు అలసిపోయి మానేస్తారు. మీ కాలనీకి మూడు ఎంచుకోండి. మిగతావి ఇష్టమున్నవాళ్లు చేసుకుంటారు, సంఘం కుర్చీలు, లైట్లు ఇస్తే చాలు. జాతీయ జెండా పండగ ఒకటి ఆ మూడింటిలో ఉండేలా చూడండి. అన్ని మతాల ఇళ్ల వాళ్లూ మొహమాటం లేకుండా వచ్చి నిలబడే రోజు అది.

బతుకమ్మ సంగతి ఒక మాట. అది ఆడవాళ్ల పండగ, ఏర్పాట్లు వాళ్ల చేతుల్లోనే ఉండాలి. మొదటి రోజు ఎంగిలిపూల నుంచి చివరి రోజు సద్దుల దాకా తొమ్మిది రోజులు ఆడే చోట నేల చదునుగా, శుభ్రంగా ఉంచడం, వెలుతురు చూడడం, నిమజ్జనానికి నీళ్ల తొట్టి కట్టించడం వరకే మిగతావాళ్ల పని. డీజే పెట్టించి పాటలు మింగేయకండి. చప్పట్లతో పాడే గొంతులు వినపడాలి.

వినాయక చవితి

దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ మంది, ఎక్కువ ప్రమాదం ఉన్నది ఇందులోనే.

నలభై రోజుల ముందు కూర్చోండి. పూజ, చందా, మండపం, ప్రసాదం, నిమజ్జనం, ఒక్కో పనికి ఇద్దరిద్దరి పేర్లు రాసుకోండి. కుర్రాళ్లకు నిమజ్జనం మాత్రమే ఇచ్చి పక్కన పెట్టకండి. లెక్కల్లోనూ ఒకరిని కూర్చోబెట్టండి. రేపు సంఘం నడపాల్సింది వాళ్లే.

చందా. ఇంటికి ఇంత అని నిర్ణయించవద్దు. వరస నంబర్లు అచ్చేసిన రసీదు పుస్తకం తీసుకోండి. ఇద్దరు లేకుండా ఎవరూ ఏ గుమ్మమూ తొక్కకూడదు. నూటపదహార్లు ఇచ్చినవాళ్లకూ ఐదు వేలు ఇచ్చినవాళ్లకూ ఒకే రసీదు, ఒకే నమస్కారం. ఫోన్‌లో పంపే డబ్బు సంఘం ఖాతాకే రావాలి, ఎవరి సొంత నంబరుకూ రాకూడదు. ఇది ఎంత నమ్మకస్తుడైనా సరే. ఒకసారి "ఈ ఏడు వీలు కాదు" అన్న ఇంటికి రెండోసారి చందాకు వెళ్లవద్దు, ప్రసాదానికి మాత్రం తప్పకుండా పిలవండి. ఆ ఇంట్లో ఉద్యోగం పోయిందో, ఆసుపత్రి ఖర్చుందో మనకు తెలియదు. మైకులో ఇచ్చినవాళ్ల పేర్లతో పాటు మొత్తాలు చదవడం మేం మానేశాం. పేర్లు ఇంటి నంబర్ల వరసలో చదువుతాం.

విగ్రహం మట్టిదే తీసుకోండి. ఎత్తు నిర్ణయించేముందు తీసుకొచ్చే దారిలో, నిమజ్జనానికి వెళ్లే దారిలో తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో నడిచి చూసి రండి. ట్రాలీ ఎత్తు కూడా కలపండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ ఇళ్లను తలుచుకుంటే రెండడుగులు తక్కువ ఎత్తు విగ్రహం ఎవరికీ తక్కువ అనిపించదు. కర్రతో తీగను పైకెత్తే పని ఎవరినీ చేయనివ్వకండి. దారిలో తీగ అడ్డుంటే కరెంటు ఆఫీసులో ముందే చెప్పి సరఫరా ఆపించాలి.

మండపానికి పోలీసులకు సమాచారం ఇచ్చి అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఇది ఆన్‌లైన్‌లో చేయవచ్చు. కరెంటుకు తాత్కాలిక కనెక్షన్ కోసం దరఖాస్తు పెట్టండి, స్తంభానికి కొక్కెం వేయకండి. ఇనుప గొట్టాలకు వైర్లు చుట్టవద్దు. అతుకులున్న వైరు వాడవద్దు. షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే బ్రేకర్ తప్పకుండా పెట్టించండి, దాని ఖర్చు లైటింగ్ ఖర్చులో చిన్న భాగం. వర్షం వస్తుంది, అది భాద్రపదం. రెండు బకెట్ల ఇసుక, మంటలార్పే ఫైర్ సిలిండర్ ఒకటి మండపం పక్కన కనపడేలా ఉంచండి. అంబులెన్స్ పట్టేంత దారి వదలండి. అఖండ దీపం ఉంటే రాత్రి ఇద్దరు మేలుకుని ఉండాలి, వంతులు ముందే రాసి బోర్డు మీద పెట్టండి.

మైకు విషయం. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్ స్పీకర్లు వాడకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. సడలింపు ఉన్నా మేం తొమ్మిదిన్నరకే ఆపుతాం. మండపం పక్కనే గుండె ఆపరేషన్ అయినాయన ఉన్నప్పుడు ఒక ఏడాది స్పీకర్లను పార్కు వైపు తిప్పేశాం. అంతకుముందు ఆయన భార్య రోజూ వచ్చి అడగలేక అడిగేది. ఇప్పుడు పండగకు వారం ముందు మండపం చుట్టూ ఉన్న ఇళ్లకు వెళ్లి, "పసిపిల్లలు, పరీక్షలు, ఒంట్లో బాగాలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మేమే అడుగుతాం.

ప్రసాదం ఇళ్లకు వంతులుగా పంచండి. దొన్నెలో పెట్టే పులిహోరకైతే కిలో బియ్యం పాతిక మందికి సరిపోతుంది. పెరుగన్నం, పాలతో చేసినవి పంచే ముందే తయారు కావాలి, పొద్దున చేసి సాయంత్రం పెట్టవద్దు. అన్నదానం రోజు వంద మందికి పది నుంచి పన్నెండు కిలోల బియ్యం, కూర, పప్పు, సాంబారు ఉంటే చాలు. వంట మాస్టర్ ఎక్కువే చెబుతాడు, మీరు కిందటేడు లెక్క చూపించండి. అందుకే ఎంత వండాం, ఎంత మిగిలింది అన్నది ఆ రాత్రే రాసుకోవాలి. మొదటి పంక్తిలో పారిశుధ్య కార్మికులను, వాచ్‌మ్యాన్‌ల కుటుంబాలను కూర్చోబెట్టండి. చివర్లో మిగిలింది ఇవ్వడం అన్నదానం కాదు.

లడ్డూ వేలం చాలా చోట్ల ఉంది. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన ఆ ఆచారం ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. బండ్లగూడ జాగీర్‌లో ఒక విల్లాల కాలనీలో కోటి దాటింది, ఆ డబ్బు సేవా కార్యక్రమాలకు వాడుతున్నారు. మీ దగ్గర వేలం పెడితే, పాట మొదలుకాకముందే రెండు సంగతులు ప్రకటించండి: వచ్చిన డబ్బు దేనికి వాడతాం, పాడినవాళ్లు ఎన్ని రోజుల్లో కట్టాలి. ఉత్సాహంలో పాడి తర్వాత కట్టలేక మొహం చాటేసిన ఇల్లు మా కాలనీలో ఒకటి ఉంది. తప్పు వాళ్లదొక్కరిదే కాదు. పక్కన నిలబడి రెచ్చగొట్టింది మేమే. ఇప్పుడు ఒక పరిమితి పెట్టుకున్నాం.

నిమజ్జనానికి పగలే బయలుదేరండి. మున్సిపాలిటీ తవ్వించిన దగ్గరి కొలనుకు వెళ్లండి. పూలు, పత్రి, బట్టలు ముందే తీసేయండి. ట్రాలీ మీద పిల్లలు ఎక్కకూడదు.

వనభోజనాలు

ఇది చిన్న ఖర్చుతో అయ్యే పెద్ద పండగ. కార్తీక మాసంలో ఒక ఆదివారం, ఉసిరి చెట్టున్న తోట, రెండు బస్సులు. తోట ఇచ్చేవాళ్లతో నీళ్లు, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో అడిగి ఊరుకోకండి, ఇద్దరు వెళ్లి చూసి రండి. ఆడవాళ్లు రాకపోవడానికి సగం కారణం మరుగుదొడ్లే. వచ్చేవాళ్ల సంఖ్య నాలుగు రోజుల ముందే తేల్చుకోండి. పెద్దవాళ్లకు కుర్చీలు, మిగతావాళ్లకు చాపలు, విస్తరాకులు. భోజనాల్లో భార్యాభర్తలు, ఒకే వీధి వాళ్లు ఒక్కచోటే గుమిగూడకుండా వీధులు కలిపి కూర్చోబెట్టండి. ఒకే కాలనీలో పదేళ్లుగా ఉంటూ పేర్లు తెలియని ఇద్దరు పక్కపక్కన కూర్చుని గోంగూర వడ్డించుకుంటారు. ఆ తర్వాత వాళ్ల మధ్య పార్కింగ్ గొడవ వచ్చినా అంత దూరం పోదు. చీకటి పడకముందే బస్సులు తిరిగి బయలుదేరాలి, ఎక్కేముందు వచ్చినవాళ్ల జాబితా తీసి పేర్లు పిలవాలి.

అయిపోయాక

పండగ అయిన ఏడు రోజుల్లోగా లెక్కలు బోర్డు మీద, గ్రూపులో పెట్టండి. వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. బిల్లులు ఒక ఫైలులో పెట్టి, "చూడాలనుకున్నవాళ్లు ఎప్పుడైనా ఇంటికి రండి" అని రాయండి. మాకు ఒక ఏడాది లెక్కలు రెండు నెలలు ఆలస్యమయ్యాయి. ఒక్క రూపాయి తేడా లేదు, కోశాధికారి అమ్మగారికి ఒంట్లో బాగాలేదు, అంతే. అయినా ఆ మరుసటి ఏడు చందా సగానికి పడిపోయింది. ఆ మనిషి ఎంత బాధపడ్డాడో నేను చూశాను. ఆయన కోసమైనా ఆ రెండు నెలల్లో ఇంకొకరం కూర్చుని రాయాల్సింది. ఇప్పుడు లెక్కలకు ఎప్పుడూ ఇద్దరుంటారు.

నెలకు ఒకసారి ఒకే కాగితం మీద కాలనీ కబుర్లు అచ్చు వేసి ఇల్లిల్లూ పంచండి. మా కాగితంలో ఉండేవి: ఈ నెల ఏ పని అయింది, ఏది ఆగింది, డ్రైనేజీ ఫిర్యాదు నంబరు, అది పెట్టిన తేదీ, కొత్తగా వచ్చిన కుటుంబం, వాళ్ల ఇంటి నంబరు, పరీక్ష పాసైన పిల్లలు, పుట్టిన పిల్లలు, పదవీ విరమణ చేసినవాళ్లు, వచ్చే నెల తేదీలు. పేరు వేసేముందు ఆ ఇంటిని అడగాలి. పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. ఆగిన పనిని కూడా రాయడం ముఖ్యం. "మూడో వీధి దీపాలు ఇంకా వెలగలేదు, రెండోసారి ఫిర్యాదు పెట్టాం" అని రాసిన నెల, ఆ వీధి నుంచే ముగ్గురు "మేమూ ఆఫీసుకు వస్తాం" అని వచ్చారు. అంతకుముందు వాళ్లు మమ్మల్ని తిట్టుకుంటూ ఉండేవాళ్లు, ఎందుకంటే మేం ఫిర్యాదు పెట్టిన సంగతే వాళ్లకు తెలియదు.

పనిచేసినవాళ్ల పేర్లు కాగితంలో రాయండి. కుర్చీలు మోసిన కుర్రాడి పేరు, ముగ్గులు వేసిన అమ్మాయి పేరు, రాత్రి మండపంలో మేలుకున్నాయన పేరు. ఎవరి పేరూ మరిచిపోకుండా ఉండాలంటే పండగ జరుగుతున్నప్పుడే రాసుకోవాలి.

మీ పదవీకాలం అయిపోయాక కొత్త కార్యదర్శికి ఇవ్వాల్సినవి: ఇళ్ల పుస్తకం, మినిట్స్ పుస్తకం, రసీదు పుస్తకాలు వాడినవీ వాడనివీ, బిల్లుల ఫైలు, సంఘం ముద్ర, రిజిస్ట్రేషన్ పత్రం, బైలాస్ కాపీ. ఇచ్చినట్టు ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం చేయండి. గ్రూపుల అడ్మిన్ మార్చండి, బ్యాంకులో సంతకాలు మార్చండి. తర్వాత ఒక సాయంత్రం ఆ కొత్త మనిషిని వెంటబెట్టుకుని, కబురు నోటితో చెప్పాల్సిన ఇళ్లన్నీ తిరగండి. మా కాలనీలో అవి పంతొమ్మిది. మొదట రెండో వీధి పెద్దావిడ ఇంటికి వెళ్లాం.